మెస్ డబ్బులు తిన్నానన్నట్టు మాట్లాడారు, బుధవారం చాపెల్‌లో వాక్యం నాదే

మూడో_బెంచి:
అందరికీ వందనాలు. బి.డి. (పాస్టర్ అవ్వడానికి చదివే డిగ్రీ) మూడో ఏడాది చదువుతున్నా, కాలేజీ పేరు మాత్రం అడగొద్దు ప్లీజ్. ఈ టర్మ్ నన్ను మెస్ సెక్రటరీని చేశారు, నేనేం అడగలేదు, ఎవరూ ముందుకు రాకపోతే వెనక బెంచీ వాళ్ళు నా పేరు అరిచారు అంతే. మొన్న శనివారం హాస్టల్ మీటింగ్‌లో వార్డెన్ గారు లెక్కల పుస్తకం తెరిచి 3,900 తేడా వస్తోంది, సేవకి వచ్చినవాళ్ళే ఇలా ఉంటే ఎలా అన్నారు. నా పేరు ఎత్తలేదు కానీ అరవై తలకాయలు నా వైపే తిరిగాయి. ఆ డబ్బు రెండు కమర్షియల్ సిలిండర్లది. బిల్లు నా చేత్తో ఆఫీసులో ఇచ్చా, దాని మీద నా పసుపు వేలిముద్ర కూడా ఉంది, పప్పు పోపు దగ్గర్నుంచి అలాగే పరిగెత్తా ఆరోజు. ఇప్పుడేమో మాకు అందలేదంటున్నారు. చెప్పబోతే తర్వాత చూద్దాం కూర్చో అన్నారు.

అప్పట్నుంచి నిద్ర లేదు. మోకాళ్ళేస్తే వార్డెన్ గారితో గొడవ పడుతున్నట్టే ఉంటోంది, ఆమేన్ దాకా వెళ్ళట్లేదు. ఇది మా చర్చి సంఘం దాకా పోతే ఏంటి పరిస్థితి అని ఇంకో భయం, నన్ను పంపింది వాళ్ళే కదా. బుధవారం చాపెల్‌లో నా టర్న్. బైబిల్లో నాబోతు ద్రాక్షతోట తీసుకున్నా, అహాబు రాజుకి ఆ తోట దక్కాలని ఇద్దరు అబద్ధ సాక్షులతో నాబోతుని చంపించిన కథ. నోట్స్ తొమ్మిది పేజీలు వచ్చింది, మామూలుగా నాది మూడు దాటదు. చెప్పెయ్యనా? పోనీ చెప్పకుండా తల చల్లగా ఉంచుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

కృప_చాలు:
బ్రదర్ క్షమించి వదిలెయ్యండి. పైన దేవుడు చూస్తున్నాడు. సేవకుడికి ఇదంతా ట్రైనింగే.

పాత_గది_14:
తమ్ముడూ ఆ తొమ్మిది పేజీలు పక్కన పడెయ్. నేను పాస్టర్‌ని, పదకొండేళ్ళయింది. నేను రెండో ఏడాదిలో ఉండగా ఒక ఆదివారం ఫీల్డ్ వర్క్‌కి వెళ్ళలేదని ఒక సార్ నా మీద రిపోర్ట్ రాశారు, నేనేమో ఆరోజు వానలో బస్సు లేక ఏడు కిలోమీటర్లు నడిచి మరీ వెళ్ళినవాణ్ణి. చాపెల్ టర్న్ రాగానే నేను తీసిందీ నాబోతే (అన్యాయం జరిగిన ప్రతి సెమినరీ కుర్రాడికీ ముందు గుర్తొచ్చేది ఆయనే అనుకుంటా). అహాబు అన్నప్పుడల్లా ఆ సార్ కూర్చున్న కుర్చీ వైపే చూశా. బయటికొచ్చాక ఫ్రెండ్స్ భుజం తట్టారు, ఛాతీ ఇంత పెరిగింది. రెండ్రోజులకి డీన్ పిలిచారు, పిలిచి అడిగింది ఫీల్డ్ వర్క్ గురించి కాదు, ప్రసంగం గురించి. ఏడు కిలోమీటర్ల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఎత్తకుండా చేసుకుంది నేనే. ఇంకోటి, ఆరోజు చివరి వరసలో మొదటి ఏడాది కుర్రాడు ఒకడున్నాడు, వాళ్ళమ్మ పోయి వారం కూడా కాలేదు. వాడు వాక్యం కోసం వచ్చి కూర్చుంటే నేను వాడికి నా పంచాయితీ వడ్డించా. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

బైబిల్లో నెహెమ్యా 5వ అధ్యాయం చదువు, ఆయన యూదా దేశానికి అధిపతి. పేదవాళ్ళ పొలాలు పెద్దలు తాకట్టు పెట్టించుకున్నారని విని బాగా కోపమొచ్చిందనే రాసుకున్నాడు, దాచలేదు. వెంటనే తర్వాతి మాట, నాలో నేను ఆలోచన చేసుకున్నా అని. హీబ్రూలో అక్కడ లేబ్ ఉంటుంది, గుండె, గుండే తనతో మాట్లాడినట్టు. ఆ తర్వాత ఆ పెద్దలనే నేరుగా అడిగాడు, సభ పెట్టింది ఆ తర్వాత. నువ్వు సభతో మొదలెట్టబోతున్నావు. అన్నట్టు అదే అధ్యాయం చివర్లో ఆయన మెస్ లెక్క కూడా ఉంది, బల్ల దగ్గర 150 మంది, రోజుకి ఒక ఎద్దు, ఆరు గొర్రెలు, కోళ్ళు. సిలిండర్ లేని రోజులు, అదృష్టవంతుడు.

గ్రీకు_గండం:
కృప_చాలు గారూ, ఏమనుకోకండి, క్షమించమనడం కరెక్టే కానీ వదిలెయ్యమనడం ఎందుకు? వదిలేస్తే ఆ 3,900 పుస్తకంలో ఇతని పేరు మీదే ఉండిపోతుంది. యోసేపు కూడా చెరసాలలో ఊరికే కూర్చోలేదు, నేనే తప్పూ చెయ్యలేదు, ఫరోకి నా సంగతి చెప్పు అని తోటి ఖైదీ అయిన పానదాయకుణ్ణి (రాజుకి ద్రాక్షారసం అందించేవాణ్ణి) అడిగాడు, వాడు రెండేళ్ళు మర్చిపోయాడు అది వేరే సంగతి. అపొస్తలుల కార్యములు 16లో పౌలుని ఫిలిప్పీలో కొట్టి జైల్లో వేసి తెల్లారాక గుట్టుగా పొమ్మంటే, అందరి ముందూ కొట్టారు కదా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళమను అన్నాడు. అదే పౌలు 23లో నోరు జారి సున్నం కొట్టిన గోడా అని ప్రధాన యాజకుణ్ణి తిట్టి, ఆయనెవరో తెలిశాక సర్దుకున్నాడు. అంత పెద్దాయనకే జారింది.

తమ్ముడూ ఆ పసుపు బిల్లు కోసం ఏడవకు. గ్యాస్ ఏజెన్సీ దగ్గర ఇన్వాయిస్ రికార్డు ఉంటుంది, డెలివరీ తేదీ చెప్పి డూప్లికేట్ అడుగు. తర్వాత వార్డెన్ గారికి ఒక్క పేజీ రాయి: ఫలానా తేదీ, ఇంత, ఎవరి చేతికిచ్చానో. బాధపడ్డాను, అవమానం లాంటి మాటలు అందులో వద్దు, అవి రూమ్మేట్‌కి చెప్పుకో. రాసింది రాత్రి పంపకు, పొద్దున టిఫిన్ అయ్యాక ఇంకోసారి చదివి ఇయ్యి. కాపీ నీ దగ్గర ఉంచుకో. మాట్లాడ్డానికి వెళ్ళేటప్పుడు మీ ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని కూడా రమ్మను, ఒక్కడివే వెళ్ళకు.

కృప_చాలు:
సిస్టర్ నా ఉద్దేశం అది కాదు కానీ, సరే, పాయింటే.

మూడో_బెంచి:
అప్‌డేట్. ఏజెన్సీ ఆయన ముందు విసుక్కున్నాడు గానీ డూప్లికేట్లు రెండూ ఇచ్చాడు. ఒక్క పేజీ అనుకున్నది మొదట నాలుగొచ్చింది, పొద్దున చదివితే నాకే సిగ్గేసింది, కొట్టేస్తూ పోతే ఎనిమిది లైన్లు మిగిలాయి. అడ్వైజర్ సార్‌తో వెళ్ళి ఇచ్చా. వార్డెన్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆఫీసులో అడుగుతా అన్నారు. సారీ లేదు ఏం లేదు. వచ్చే హాస్టల్ మీటింగ్‌లో దీని గురించి చెప్పండి సార్ అన్నా, గొంతు వణికింది కానీ అన్నా. ఊఁ అన్నారు.

బుధవారం నాబోతుని పక్కన పెట్టి కీర్తన 121 (నాకు సాయం దేవుని దగ్గర్నుంచే అనేది) చెప్పా, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. కోపం పోయిందని చెప్పను, మెస్‌లో ఆయన ఎదురైతే ఇంకా ముద్ద దిగట్లేదు. కానీ నిన్న రాత్రి పడుకున్నా, అదీ హీబ్రూ క్విజ్ పెట్టుకుని. మీటింగ్ అయ్యాక మళ్ళీ రాస్తా.