లైట్ మీటరు ఒక అంకె, ఫోను ఇంకో అంకె: ఏది నమ్మాలి?

కొర్లగుంట కుండీలు (రాత్రి 11:40)
అందరికీ నమస్తే. సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నా. వంట కూడా చేయలేదు, పిల్లలకు బయట నుంచి ఇడ్లీ తెప్పించా. హాల్లో మూల స్టాండు మీద కొత్తిమీర, మెంతి, కాస్త పాలకూర వేశాను. పైన 45 వాట్స్ ఎల్ఈడీ గ్రో లైటు పెట్టాను. మొలకలు దారాల్లా సాగి పక్కకు వాలిపోతున్నాయి. వెలుతురు చాలడం లేదేమో అని ఆన్‌లైన్లో 1,400 పెట్టి లక్స్ మీటరు తెప్పించాను. అది 215 అంటోంది. నా ఫోన్లో యాప్ వేస్తే 40. మా ఆయన ఫోన్లో 3,900. ఒకే లైటు, ఒకే చోటు! ఈ మీటరును వెనక్కి పంపి, మొక్కలు వాడుకునే వెలుతురు కొలిచే పార్ మీటరు కొనాలా? దాని ధర చూస్తే అరలక్ష దగ్గర ఉంది. మంచి మీటరు పేరు ఒక్కటి చెప్పండి చాలు. రేపటితో రిటర్న్ గడువు అయిపోతుంది, టెన్షన్‌గా ఉంది.

పాత మీటరు (11:52)
లైటు రంగేంటి?

మిద్దెతోట అక్క (11:58)
ఏమ్మా, తిరుపతిలో ఉండి ఎండ కొనుక్కుంటున్నావా? మనకు లేనిది నీళ్ళు గానీ ఎండ కాదు. కుండీలు మిద్దె మీదకు ఎక్కించు, మీటరూ వద్దు, లైటూ వద్దు. నేను పదేళ్ళుగా మిద్దె మీదే పెంచుతున్నా. ఇంకో మాట, ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి వేశావా? అట్లనే వేస్తే సరిగ్గా మొలవవు. కుండీలో మట్టి ఏం వాడావు? కోకోపీట్ ఒక్కటే పోస్తే బలం ఉండదు, మూడో వంతు పశువుల ఎరువు పడాలి. నీళ్ళు బోరువా? మన బోరు నీళ్ళకు కుండీ అంచున తెల్లగా ఉప్పు కడుతుంది చూడు, నెలకోసారి పైమట్టి గీకి తీసెయ్యాలి.

కొర్లగుంట కుండీలు (ఉదయం 6:15)
అక్కా, మిద్దె తాళం ఓనర్ దగ్గర. పైగా కోతులు. పోయినేడు రెండు టమాటా మొక్కలు పెడితే కాయ పండేదాకా కూడా ఆగలేదు, కుండీతో సహా కింద పడేశాయి. అందుకే ఇంట్లో. మొలవడం బాగానే మొలిచాయి, సాగిపోవడమే సమస్య. మీటరు సంగతి చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్ ఫిజిక్స్, చిత్తూరు (6:40)
చూడమ్మా, ముందు పదాలు సరిగ్గా వాడాలి. లక్స్‌ను చాలామంది కాంతి తీవ్రత అంటారు. కాంతి తీవ్రతకు ప్రమాణం కాండెలా. బల్బు నుంచి మొత్తం వెలువడేది ల్యూమెన్లలో, ఒక చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో అది లక్స్. వాట్లు అంటే అది తినే కరెంటు, వెలుతురు కానే కాదు. ఇక లక్స్ మీటరు మనిషి కన్ను కోసం చేసినది. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చలో బాగా చూస్తుంది. ఎరుపు, నీలం చివర్లకు పోయేకొద్దీ మందగిస్తుంది. మొక్క 400 నుంచి 700 దాకా అంతా వాడుకుంటుంది. ఆకుపచ్చ వెలుగు మొక్కకు పనికిరాదని కొందరు రాస్తుంటారు, అదీ తప్పే. 1972లో మెక్‌క్రీ అనే ఆయన పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగునూ విడిగా వేసి కొలిచి చూపించాడు. కనుక లక్స్ మీటరుతో మొక్కను కొలవడం అంటే తూకం రాయితో గుడ్డ కొలవడమే. పార్ మీటరు ఒక్కటే దారి.

పాత మీటరు (6:44)
పార్ కొలత కాదు సార్, పరిధి. మీరు చెప్పిన 400 నుంచి 700 అదే. మీటరు కొలిచేది పీపీఎఫ్‌డీ, అంటే ఆ పరిధిలో సెకనుకు చదరపు మీటరు మీద పడే ఫోటాన్ల (వెలుగు రేణువుల) లెక్క.
మేడం, లైటు రంగు?

రిటైర్డ్ ఫిజిక్స్, చిత్తూరు (6:51)
వాడుకలో పార్ మీటరు అంటే అందరికీ తెలుస్తుంది. క్వాంటం మీటరు అన్నా అదే.

పాత మీటరు (6:52)
కాంతి తీవ్రత అన్నా అందరికీ తెలుస్తుంది మరి.

పలమనేరు నారుమడి (7:30)
పొద్దున్నే ఎందుకు సార్ గొడవ. మేడం, మాది నర్సరీ, ప్రోట్రేల్లో టమాటా, మిరప నారు పోస్తాం. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మా నారూ ఇట్లాగే సాగిపోతుంది. మా దగ్గర ఉండేది మామూలు లక్స్ మీటరే, ఏ పార్ మీటరూ లేదు. ఎండ అయితే వచ్చిన లక్స్‌ను 54తో భాగించండి. తెల్ల ఎల్ఈడీ అయితే సుమారు 70తో. సెకనుకు చదరపు మీటరు మీద ఎన్ని మైక్రోమోల్స్ ఫోటాన్లు పడుతున్నాయో, అంటే సార్లు చెప్పిన ఆ పీపీఎఫ్‌డీయే, వస్తుంది. నూటికి నూరు కరెక్టు కాదు, నారు పెంచడానికి చాలు.
మీ మీటరు బాగుందో లేదో చూడాలంటే మబ్బు లేని రోజు మిట్టమధ్యాహ్నం నేరుగా ఎండలో పెట్టండి. లక్షకు అటూ ఇటూ చూపాలి. తెర మీద ఎడమ పక్క ఉత్త 1 పడితే పాడైందని కాదు, ఆ రేంజికి వెలుతురు ఎక్కువైందని. పై రేంజికి తిప్పండి.

పాత మీటరు (7:41)
రేంజ్ అన్నారు కాబట్టి: 215 పక్కన చిన్నగా ×10 ఉందా?

కొర్లగుంట కుండీలు (10:05)
ఉంది! అది మోడల్ నంబరేమో అనుకున్నా. అంటే 2,150 అన్నమాటా? మరి ఫోన్లో 40 ఎందుకు?

పాత మీటరు (10:09)
ఫోను ఎట్లా పట్టారు?

కొర్లగుంట కుండీలు (10:12)
వెనక కెమెరా లైటుకేసి పెట్టి. స్క్రీను నాకు కనపడాలి కదా. మా ఆయనది ఐఫోన్, అదీ అలాగే పట్టాం.

పాత మీటరు (10:20)
ఆండ్రాయిడ్‌లో సెన్సరు ముందు వైపు, ఇయర్‌పీసు పక్కన ఉంటుంది. మీరు కొలిచింది మీ నీడని. ఐఫోన్ యాప్‌లు కెమెరాతో లెక్క కడతాయి, లెన్సు మీద తెల్ల కాగితం అడ్డం పెట్టకపోతే లైటు వైపు తిప్పిన కొద్దీ పెరుగుతుంది.
మూడోసారి అడుగుతున్నా. లైటు రంగు?

కొర్లగుంట కుండీలు (10:31)
సారీ అండీ, గ్రో లైటు అంటే అందరికీ తెలుసనుకున్నా. గులాబీ రంగు. ఎర్ర బల్బులు, నీలం బల్బులు కలిపి ఉంటాయి. రాత్రి పూట వీధిలోంచి చూస్తే మా ఇల్లు ఏదో సినిమా సెట్టింగులా ఉంటుంది, పక్కింటి వాళ్ళు అడిగారు కూడా.

రిటైర్డ్ ఫిజిక్స్, చిత్తూరు (10:40)
నేను పొద్దున చెప్పింది ఇదే కదా. కన్నుకు అంతగా ఆనని ఎరుపు, నీలమే ఆ లైటు నిండా. లక్స్ మీటరు దాన్ని చాలా తక్కువ చేసి చూపుతుంది.

పలమనేరు నారుమడి (10:55)
అవును సార్, ఇక్కడ మీ మాటే రైటు. మేడం, గులాబీ లైటుకు ఆ 70 లెక్క వేయొద్దు. అయినా మీటరు దండగ కాదు. అదే లైటు కింద ఒక చోటికీ ఇంకో చోటికీ పోల్చి చూడొచ్చు. మధ్యలో 215 ఉండి అంచు కుండీ దగ్గర 90 వస్తే, అంచున సగం కూడా పడటం లేదని తెలుస్తుంది కదా. మీటరు తెల్ల గుండ్రని బుడిపెను మొలకల తలల ఎత్తున, పైకి చూసేట్టు పెట్టండి. బల్ల మీద కాదు.
లైటు ఎంత ఎత్తులో ఉంది? రోజుకు ఎన్ని గంటలు?

కొర్లగుంట కుండీలు (11:20)
రెండున్నర అడుగులు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, మేం హాల్లో ఉన్నప్పుడు వేస్తాం.

పలమనేరు నారుమడి (11:24)
నాలుగు గంటలేనా!! కిటికీ?

కొర్లగుంట కుండీలు (11:26)
ఉంది కానీ పక్క బిల్డింగు గోడ అడ్డం. పగలు మీటరు ×10 లేకుండానే 180.

పలమనేరు నారుమడి (11:45)
ఇంకేం మేడం. మొక్కకు కావాల్సింది రోజు మొత్తం మీద పడేది. ఆకుకూరలకు రోజుకు 12 మోల్స్ అయినా అందితే బాగా వస్తాయి. 14 గంటలు వేస్తే 240 మైక్రోమోల్స్ దగ్గర ఉండాలి, తెల్ల ఎల్ఈడీలో అయితే 17 వేల లక్స్ అటూ ఇటూ. నాలుగు గంటల్లో అంత ఇవ్వాలంటే 800 పైన కావాలి, ఆ 45 వాట్లతో రెండున్నర అడుగుల నుంచి అయ్యే పని కాదు. లైటు ఒక అడుగుకు దించండి, టైమరు పెట్టి 14 గంటలు వేయండి. ఆకు అంచులు మాడితే నాలుగు వేళ్ళు పైకి లేపండి. కరెంటు నెలకు 19 యూనిట్లు. సాగిపోయిన మొలకలు ఇక లావెక్కవు, తీసేసి మళ్ళీ వేయండి.
ఎప్పుడైనా లైటు మారిస్తే తెల్లది కొనండి, అప్పుడు మీ 1,400 మీటరే పార్ మీటరుకు తమ్ముడు.

మిద్దెతోట అక్క (12:10)
తీసేసినవి పారెయ్యొద్దు, మెంతి మొలకలు పప్పులో బ్రహ్మాండంగా ఉంటాయి.

రిటైర్డ్ ఫిజిక్స్, చిత్తూరు (12:30)
తమ్ముడు అనడం కూడా శాస్త్రీయం కాదు. మోల్ అంటే అవొగాడ్రో సంఖ్య అన్ని ఫోటాన్లు, లెక్కపెట్టేది సంఖ్య. లక్స్ అట్లా కాదు.

పాత మీటరు (12:31)
సరే సార్, పినతండ్రి కొడుకు.

కొర్లగుంట కుండీలు (మూడు రోజుల తర్వాత)
లైటు దించా. టైమరు పెట్టా. థాంక్సండీ అందరికీ. రిటర్న్ గడువు ఎలాగూ దాటిపోయింది, మీటరు మా ఆయన ఆఫీసుకు పట్టుకెళ్ళి అందరి టేబుళ్ళూ కొలుస్తున్నారట.

మిద్దెతోట అక్క (అదే రోజు)
అంతా బాగుంది గానీ, కోతులకు మిద్దె మీద వల కట్టించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నిన్న మా బీరపాదు పీకేశాయి.