చిప్‌ట్యూన్ మీద పీహెచ్‌డీ: సంగీత విభాగంలోనా, కంప్యూటర్ విభాగంలోనా?

వయొలిన్_ఈసీఈ:
అందరికీ నమస్తే. బీటెక్ ఈసీఈ చేశాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు ఎంఏ మ్యూజిక్ రెండో ఏడాది. కమడోర్ 64 (1980ల ఇంటి కంప్యూటర్), నింటెండో గేమ్ మెషీన్ కాలం నాటి చిప్‌ట్యూన్ సంగీతం, అంటే ఆ మెషీన్ల సౌండ్ చిప్‌లు పుట్టించే సంగీతం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా మేడమ్‌కి చెబితే "గేముల్లో వచ్చే కీచు శబ్దాల మీద థీసిసా?" అని నవ్వేశారు. కంప్యూటర్ వాళ్లేమో అది సంగీతం, మాకెందుకు అంటున్నారు. ఎటు వెళ్లాలి? అనుకున్న టాపిక్: "8-బిట్ సంగీత చరిత్ర".

పోక్54296:
విభాగం సంగతి తర్వాత, ముందు టాపిక్ మార్చండి. చరిత్ర ఇప్పటికే రాసేశారు. గేమ్ శబ్దాల మీద కెరెన్ కాలిన్స్ పుస్తకాన్ని 2008లో ఎంఐటీ ప్రెస్ వేసింది. కెనెత్ మెకాల్పైన్ రాసిన చిప్‌ట్యూన్ చరిత్ర 2018లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. గోటో80 పేరుతో తనే చిప్ సంగీతం చేసే ఆండర్స్ కార్ల్‌సన్ 2010లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో దీని మీదే మాస్టర్స్ థీసిస్ రాశాడు. ఈ మూడూ చదివాక కూడా మీలో మిగిలే ప్రశ్న ఏదో అదే మీ టాపిక్.

వయొలిన్ వచ్చు కదా, గమకం వైపు (స్వరాన్ని జార్చే జారు, ఊపే కంపితం లాంటివి) చూడొచ్చుగా? కమడోర్ 64 (1982)లోని సిడ్ అనే సౌండ్ చిప్‌ని బాబ్ యాన్నెస్ డిజైన్ చేశాడు. దానికి ఉన్నవి మూడే గొంతులు. కానీ ఒక్కో గొంతుకు శ్రుతి రిజిస్టర్ (స్వరం ఎత్తును చెప్పే అంకె ఉండే చోటు) 16 బిట్లు, అంటే స్వరాన్ని దాదాపు 0.06 హెర్ట్జ్ చొప్పున జరపొచ్చు. నింటెండోలో స్వరం ఎత్తును నిర్ణయించేది 11 బిట్ల టైమరే. 880 హెర్ట్జ్ దగ్గర ఒక్క అంకె మారిస్తే స్వరం సుమారు 7 హెర్ట్జ్ దూకుతుంది, పైకి పోయే కొద్దీ ఇంకా ఎక్కువ. అక్కడ జారు వేస్తే మెట్లు వినబడతాయి. పైగా యూరప్ మెషీన్లలో పాటను వాయించే ప్లేయర్ ప్రోగ్రాం మామూలుగా సెకనుకు 50 సార్లు నడిచేది, కాబట్టి కంపితమైనా 20 మిల్లీసెకన్ల ముక్కల్లోనే రావాలి. మార్టిన్ గాల్వే, రాబ్ హబ్బర్డ్ లాంటి కమడోర్ స్వరకర్తలు ఆ ముక్కల్లోనే స్వరాలను గబగబా తిప్పి, ఒక్క గొంతుతో కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పలికించారు.

ఇంకో మాట. సిడ్ ఫైల్ (ఆ పాటలు ఇప్పుడు దొరికే రూపం) రికార్డింగ్ కాదు, లోపల ఉండేది కమడోర్ ప్రాసెసర్ నడిపే 6502 మెషీన్ కోడ్. హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ అనే ఆన్‌లైన్ భాండారంలో 50,000కు పైగా ఉన్నాయి, ఉచితం. రిజిస్టర్లలోకి ఏ ఫ్రేములో (అంటే ఏ 20 మిల్లీసెకన్ల ముక్కలో) ఏ అంకె వెళ్తోందో లాగ్ తీయండి. స్వరలిపీ, దాన్ని వాయించిన తీరూ రెండూ అందులోనే దొరుకుతాయి. మీ ఈసీఈ పనికొచ్చేది ఇక్కడే.

తోడిరాగం:
నా ఓటు సంగీత విభాగానికే. ఎలక్ట్రానిక్స్ నుంచి ఒక కో-గైడ్‌ని అడగండి. నవ్వడం మామూలే, మన దగ్గర సినిమా పాట మీద పరిశోధన అన్నా నవ్వినవాళ్లున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ 2020 నుంచి గేమ్ సంగీతానికే ఒక జర్నల్ నడుపుతోంది. స్పీకర్‌ని ఆన్, ఆఫ్ చేయడం తప్ప ఇంకేమీ లేని 1-బిట్ సంగీతం మీద బ్లేక్ ట్రాయిస్ పేపర్ అందులోనే వచ్చింది. అది ప్రింట్ తీసి మేడమ్ టేబుల్ మీద పెట్టండి. సినాప్సిస్‌లో "నోస్టాల్జియా" అన్న మాట మాత్రం రాయకండి, ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వయొలిన్_ఈసీఈ:
థ్యాంక్స్ అక్కా, థ్యాంక్యూ పోక్ గారూ. ఒక సందేహం. నేను చిన్నప్పుడు విన్నది అసలు నింటెండో కాదు. తిరునాళ్లలో కొన్న టీవీ గేమ్, "99999 ఇన్ 1" క్యాసెట్. అది లెక్కలోకి వస్తుందా?

పోక్54296:
లెక్కలోకి రావడమేంటి, అసలు థీసిస్ అదే! మీ టీవీ గేమ్ లాంటి నింటెండో నకళ్లలో, కొన్ని క్లోన్ చిప్‌లలో స్క్వేర్ తరంగం డ్యూటీ (తరంగం పైన ఉండే సమయం వాటా, గొంతు స్వభావం దీన్నిబట్టే) 25 శాతం, 50 శాతం తారుమారై ఉంటాయి. జపాన్ స్వరకర్త ముక్కుతో పాడినట్టు సన్నగా ఉండాలనుకున్న చోట, అలాంటి పెట్టె ఉన్న ఇంట్లో గుల్లగా వినబడుతుంది. ట్యూన్ అదే, గొంతు వేరు. మన పిల్లలు ఏ గొంతు విని పెరిగారన్నది చరిత్ర పుస్తకాల్లోంచి తేలదు, కొలవాల్సిందే.

పాత పెట్టెలు ఎన్ని దొరికితే అన్ని పోగేసి విప్పండి. లోపల కాళ్లున్న చిప్ ఉంటే దాని మీది నంబరు ఫోటో తీయండి. చిప్‌ని కప్పేసిన నల్ల జిగురు బొట్టు మాత్రమే ఉంటే నంబరు దొరకదు. అప్పుడు ఏవీ కేబుల్ నుంచి ఆడియో రికార్డు చేసి, అదే గేమ్ ఎమ్యులేటర్ (అసలు మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాం) ఆడియో పక్కన పెట్టి తరంగం ఆకారం పోల్చండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్ చాలు. అడాప్టర్ మాత్రం కొత్తది కొనండి, ఆ పాతవాటిని నమ్మలేం.