అమ్మకి కంటికి ఓసీటీ స్కాన్ రాశారు, రంగు ఇంజెక్షన్ లేకుండా సరిపోతుందా?

గాజువాక వాసి
అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్. ఈమధ్య పేపర్లో గీతలు వంకరగా కనిపిస్తున్నాయంటే డాక్టర్‌కి చూపించాం, ఓసీటీ స్కాన్ తీయించమన్నారు. ఇదివరకు మా పెద్దమ్మకి చేతి నరానికి పసుపు రంగు మందు ఎక్కించి కంటి ఫోటోలు తీశారు, పాపం ఆవిడకి వాంతులయ్యాయి. అమ్మకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) కూడా ఎక్కువే, అందుకే టెన్షన్. ఇదీ అలాంటిదేనా?

ఆప్టోమెట్రిస్ట్, ఎంవీపీ కాలనీ
కాదండి. ఓసీటీలో సూది లేదు, ఎక్స్‌రే లేదు, కంటికి ఏదీ తగలదు. గడ్డం స్టాండ్ మీద ఆనించి లోపల కనిపించే గుర్తుని కదలకుండా చూస్తే చాలు. ఇన్‌ఫ్రారెడ్ కాంతి లోపలికి వెళ్లి ఒక్కో పొర నుంచి తిరిగొచ్చే తీరుని బట్టి, రెటీనాని (కంటి వెనకాల ఉండే పొరని) నిలువుగా కోసి చూపినట్టు బొమ్మ వస్తుంది. 1991లో అమెరికాలో ఎంఐటీ బృందం బయటపెట్టిన పద్ధతి ఇది. మాక్యులాలో, అంటే రెటీనా మధ్య భాగంలో నీరు చేరిందా, వాపు ఎంత ఉంది అనేది మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) తెలుస్తుంది. కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెడితే వాపు తగ్గుతోందో లేదో కూడా దీంతోనే చూస్తారు, కాబట్టి వీలైతే ప్రతిసారీ ఒకే మెషీన్ మీద తీయించండి, మెషీన్ మారితే అంకెలు మారతాయి, తగ్గిందో పెరిగిందో తేల్చుకోలేం.

సీతమ్మధార
మా నాన్నగారికి హనుమంతవాక ఎల్వీ ప్రసాద్‌లో తీశారు, ఒక్కో కంటికి కొన్ని సెకన్లే. చుక్కలు వేస్తే కాసేపు అంతా మసకగా ఉంటుంది, ఎండ అసలు చూడలేరు, బండి మీద కాకుండా ఆటోలో తీసుకెళ్లండి. పాత రిపోర్టులు మర్చిపోవద్దు.

గాజువాక వాసి
థాంక్సండి. అయితే రంగు టెస్ట్ ఇక అవసరం రాదా?

ఆప్టోమెట్రిస్ట్, ఎంవీపీ కాలనీ
రావచ్చు. ఏ రక్తనాళం నుంచి కారుతోందో ఓసీటీ చూపదు. ఓసీటీ యాంజియోగ్రఫీ అని ఇంకోటి ఉంది, రంగు లేకుండానే రక్తం ఎక్కడ పారుతోందో చూపిస్తుంది గానీ అదీ కారడాన్ని పట్టుకోదు, పైగా రెటీనా అంచుల దాకా సాధారణంగా వెళ్లదు. శుక్లం బాగా ముదిరి ఉంటే ఓసీటీ బొమ్మ కూడా సరిగ్గా రాదు. అందుకని డాక్టర్ అడిగితే భయపడి మానేయకండి. కిడ్నీలకి ఇబ్బంది అని భయపడేది సీటీ స్కాన్‌లో ఎక్కించే మందు గురించి, అదీ ఈ పసుపు మందూ ఒకటి కాదు. అయినా క్రియాటినిన్ రిపోర్టు, అలర్జీలేమైనా ఉంటే అవీ ముందే చెప్పండి. గీతలు వంకరగా కనిపిస్తున్నాయన్నారు కదా, ఆ స్కాన్ మాత్రం ఈ వారమే తీయించేయండి.