ఇల్లు రీమోడలింగ్: గోడలు మూసేలోపు టీవీ కేబుల్‌కి ఏం వేయించుకోవాలి?

సింగ్‌నగర్ మేడ

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో పాత మేడ ఇల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు కింద వాటాలో ఛాతీ దాకా నీళ్లు నిలిచాయి. అప్పట్లో పైపైన రిపేర్లు చేయించాం గానీ గోడలు ఇప్పటికీ పెచ్చులు ఊడుతూనే ఉన్నాయి, అందుకని ఈసారి కింద పాత ప్లాస్టరింగ్ అంతా కొట్టించేసి కరెంటు వైరింగ్ కూడా కొత్తగా వేయిస్తున్నాం. ఎలాగూ గోడలు గాడి కొడుతున్నారు కదా, టీవీ వైరు కూడా లోపలి నుంచే తీయిద్దామని ఆలోచన. ఇన్నాళ్లూ డాబా మీద డిష్ నుంచి వైరు గోడ మీద వేలాడుతూ కిటికీలోంచి హాల్లోకి వచ్చేది, ఆ కిటికీ రెక్క సరిగ్గా పడక దోమలు.

కింద హాల్లో ఒకటి, అమ్మ గదిలో ఒకటి, పైన ఒకటి, మొత్తం మూడు టీవీలు. అమ్మకి డిష్ ఉండాల్సిందే. మాకు నెట్ మీద వచ్చేవి చాలు. ఎలక్ట్రీషియనేమో కరెంటు పైపులోనే ఈ వైరూ లాగేస్తాను, వేరే పైపు దండగ అంటున్నాడు. నిజమేనా? అసలు ఈ రోజుల్లో కోయాక్సియల్ (డిష్, కేబుల్ టీవీలకి వాడే గుండ్రటి వైరు) వేయించాలా, నెట్ వైరు ఒక్కటి సరిపోతుందా? సోమవారం నుంచి ప్లాస్టరింగ్. టెన్షన్‌గా ఉంది, మళ్లీ పగలగొట్టించే ఓపికా లేదు, డబ్బూ లేదు.

కొరిటెపాడు వైరింగ్

దయచేసి ఒకే పైపులో వద్దండి. నేను గుంటూరులో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. లోపల ఎక్కడైనా కరెంటు వైరు తొడుగు చిట్లి ఈ టీవీ కేబుల్ లోపలి తీగల జాలీకి తగిలితే ఆ కరెంటు నేరుగా టీవీ వెనక్కి వస్తుంది, పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే ఇల్లు. విడిగా 25 ఎంఎం పైపు వేయించండి, కరెంటు పైపుకి ఒక అడుగు ఎడం ఉంటే మంచిది, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. మూలల్లో ఎల్బో పెట్టనివ్వకండి, పొడుగు బెండు పెట్టమనండి, ఎల్బో దగ్గర వైరు నలిగిపోతుంది.

ఇంకొకటి, ఒక టీవీ నుంచి ఇంకో టీవీకి గొలుసులా లాగొద్దు. ప్రతి టీవీ పాయింట్ నుంచి విడిగా ఒక పైపు ఒకే బాక్సు దగ్గరికి రావాలి. ఆ బాక్సు మామూలుగా కింద మీటరు పక్కన పెడతారు, మీ ఏరియాలో మాత్రం పైన మెట్ల గదిలో పెట్టించుకోండి, డిష్‌కి దగ్గర, నీళ్లకి దూరం. పక్కనే ఒక ప్లగ్ పాయింట్ తప్పనిసరి, రౌటరు అక్కడే పెట్టుకోవచ్చు.

డాబా డిష్

కోయాక్సియల్ వైరు అడిగేటప్పుడు ఆర్‌జీ6 అని అడగండి, 75 ఓమ్స్‌ది. సన్నగా ఉండే ఆర్‌జీ59 డిష్‌కి పనికిరాదు, సిగ్నల్ ఎక్కువ పోతుంది. మధ్య తీగ పూర్తి రాగిదైతే మేలు, ఎందుకంటే సెట్టాప్ బాక్సు ఇదే వైరులోంచి డిష్ మీదున్న, సిగ్నల్ పట్టుకునే చిన్న పరికరమైన ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, ఏ ఛానల్ కావాలన్నదాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది. అందుకే మామూలు కేబుల్ టీవీ స్ప్లిటర్ (ఒక వైరుని రెండుగా చీల్చేది) పెట్టి రెండు బాక్సులు నడపలేం, ఒకటి 13 అడిగితే ఇంకోటి 18 అడుగుతుంది. ముందుముందు హాల్లో కూడా డిష్ కావాలనుకుంటే రెండు అవుట్‌లు ఉన్న ఎల్‌ఎన్‌బీ, రెండో వైరు కావాలి. కాబట్టి డాబా నుంచి మెట్ల గదికి ఇప్పుడే రెండు వైర్లు లాగించేయండి.

బ్రాడీపేట గృహిణి

మా అనుభవం చెబుతాను. 2012లో ఇల్లు కట్టినప్పుడు పైపు లేకుండా కేబుల్‌ని నేరుగా ప్లాస్టరింగ్‌లో పూడ్చేశారు. రెండేళ్లకి దేవుడి పటానికి మేకు కొడితే సరిగ్గా దాని మీదే దిగింది, టీవీ పోయింది. ఆ తర్వాత ఫైబర్ వస్తే అది లోపలికి పోయే దారి లేక ఇవాళ్టికీ గోడ మీదే ఉంది. అందుకే మీ ప్రశ్నకి నా జవాబు, ముందు పైపు ముఖ్యం, ఏ వైరన్నది తర్వాత. ప్రతి పాయింటుకీ ఒక ఆర్‌జీ6, ఒక క్యాట్6 (నెట్ వైరు) వేసి, తర్వాత వైరు లాగడానికి ఖాళీగా ఒక నైలాన్ తాడు కూడా పైపులో వదలండి. ఏపీ ఫైబర్‌నెట్ లాంటివైతే టీవీ కూడా ఫైబర్ మీదే వస్తుంది, రేపు అమ్మగారు దానికి మారినా ఆ తాడే పనికొస్తుంది. గోడ మూసేముందు కొలత టేపు పెట్టి ప్రతి గోడా ఫోటో తీసుకోండి, మరిచిపోవద్దు.

సింగ్‌నగర్ మేడ

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను, వేరే పైపుకి ఒప్పుకున్నాడు. బాక్సు మెట్ల గదిలోనే. అమ్మ గదిలో టీవీ మంచం ఎదురుగా గోడకి బిగిస్తాం, పాయింట్ ఎంత ఎత్తులో పెట్టమంటారు?

కొరిటెపాడు వైరింగ్

నాలుగడుగులు పెట్టండి, టీవీ వెనక దాక్కుంటుంది, కరెంటు ప్లగ్ కూడా అదే ఎత్తులో. డాబా మీద వైరు పైపులోకి దిగే చోట పైపు నోరు కిందికి వంచి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు వైరు వెంబడి లోపలికి వస్తాయి. ఆదివారం సాయంత్రం ప్రతి పైపులో తాడు అటూ ఇటూ లాగి చూసి, నోళ్లకి గుడ్డ కుక్కేయండి. సిమెంటు లోపలికి పోతే ఆ పైపు ఇక ఉన్నా లేనట్టే.