నాలుగు డోసులైనా హెపటైటిస్ బి టైటర్ 10 దాటలేదు, ఏం చేయాలి?

విశాఖ మహారాణిపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, వయసు 34. రోజూ రక్తం శాంపిల్స్‌తోనే పని. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులూ భుజానికే వేయించుకున్నాను. ఆరు వారాలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా వల్ల రక్తంలో తయారైన యాంటీబాడీల స్థాయి) చూస్తే 4 వచ్చింది. మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటేనే రక్షణ ఉన్నట్టు. ల్యాబ్ పొరపాటేమోనని గాజువాకలో ఇంకోచోట చేయించాను, 5. హెచ్‌బీఎస్ ఏజీ (ఒంట్లో ఈ వైరస్ ఉందేమో చూసే రక్తపరీక్ష) నెగెటివ్, కాబట్టి ప్రస్తుతం ఇన్‌ఫెక్షన్ లేదనే అనుకుంటున్నాను. నాలుగో డోసు వేయించుకుని నెల తర్వాత చూస్తే 7 దగ్గరే ఆగింది. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. ఒక డాక్టర్ మామూలు డోసులే ఇంకో రెండు వేయించుకుని రెండో కోర్సు పూర్తిచేయమన్నారు, మరొకరు డబుల్ డోసు అన్నారు. ఈలోగా సూది గుచ్చుకుంటే ఎలా అని ఒకటే టెన్షన్. మొదటి కోర్సు పనిచేయని మీలో ఎవరికైనా, ఈ రెండింటిలో ఏ పద్ధతితో టైటర్ 10 దాటింది?