రోమన్లకు మతం నమ్మకమా, పాలనా సాధనమా?

రాళ్లబాట: క్రీ.పూ. 59లో రోము కాన్సల్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత పాలకుల్లో ఒకరు) బిబులస్, తన సహ కాన్సల్ జూలియస్ సీజర్ తెస్తున్న చట్టాలను అడ్డుకోవడానికి, నెలల తరబడి ఇల్లు కదలకుండా “ఆకాశంలో శకునాలు చూస్తున్నాను” అని ప్రకటనలు పంపుతూ కూర్చున్నాడు. శకునం చూస్తుండగా ప్రజాసభ జరగరాదన్నది నియమం. సీజరేమో స్వయంగా రోము ప్రధాన పురోహితుడై ఉండి కూడా ఆ ప్రకటనలను లెక్కచేయలేదు. ఈ ఇద్దరిలో దైవభీతి ఎవరికుందో చెప్పండి.

తులసికోట: మీరు సెనేట్ గడప దాటి చూడటం లేదు. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయిలో వంటింటి గోడల మీద కూడా గృహదేవతల బొమ్మలు, వాటి కింద పాముల చిత్రాలు కనబడతాయి. బ్రిటన్‌లోని బాత్ పుణ్యగుండంలో సులిస్ మినర్వా దేవికి సీసపు రేకుల మీద రాసుకున్న మొరలు వందకు పైగా దొరికాయి. తన పైబట్ట దొంగిలించినవాడు బానిసైనా స్వతంత్రుడైనా శిక్షించమని వేడుకున్న మనిషి ఏ కాన్సల్ చెబితే రాశాడు?

బావిగట్టు: కోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేమి? కోళ్లు మేత తింటే శుభశకునం, తినకపోతే అపశకునం అని రోమన్ల లెక్క. క్రీ.పూ. 249లో ద్రెపానా నౌకాయుద్ధానికి ముందు పవిత్రమైన కోళ్లు మేత ముట్టకపోతే, “తినకపోతే తాగనీ” అని రోమన్ సేనాధిపతి క్లాడియస్ వాటిని సముద్రంలోకి విసిరించి, ఆపైన ఓడిపోయాడు.

రాళ్లబాట: ఆ యుద్ధాన్ని వివరంగా రాసిన చరిత్రకారుడు పోలిబియస్ కోళ్ల ఊసే ఎత్తలేదు. సుమారు రెండు వందల ఏళ్ల తరువాతి రోమన్ వక్త, రచయిత సిసిరో చెబితే మనకు తెలిసింది. పైగా దైవభయమే రోము రాజ్యాన్ని కట్టి ఉంచుతున్నదనీ, అది సామాన్యజనం కోసం ఏర్పరచినదనీ రాసినవాడు ఆ పోలిబియసే.

తులసికోట: పోలిబియస్ గ్రీకువాడు, బయటి నుంచి చూసి రాశాడు. కోళ్ల కథ కల్పితమే అనుకుందాం, అది అన్నాళ్లు చెలామణి కావడానికి వినేవాళ్లలో నమ్మకం ఉండాలా, అక్కరలేదా?

రాళ్లబాట: ఆ నమ్మకం ఎవరికి పనికివస్తుందో నాకు బాగా తెలుసు. మా పెద్దనాన్నగారు తాతగారి పొలం పంపకాల కాగితం మీద సంతకం పెట్టకుండా ఒకసారి మూఢమన్నారు, మరొకసారి శూన్యమాసమన్నారు. ఈలోగా రెండు పంటలు తామే కోసుకున్నారు. బిబులస్‌ను చూస్తే నాకు ఆయనే గుర్తుకొస్తారు.

బావిగట్టు: చర్చ రోము నుంచి రిజిస్ట్రారు ఆఫీసుకు చేరింది.

తులసికోట: ఎగతాళి వద్దండీ, అసలు పేచీ ఇక్కడే ఉంది. రాళ్లబాట గారూ, మూఢమనగానే మీ నాన్నగారు ఎందుకు ఆగారు? ఎదుటివారికి పట్టింపు లేకపోతే ఆ ఎత్తు పారదు కదా. మీరు ఎత్తు వేసినవాడి మనసును వెదుకుతున్నారు, నేను ఆగినవాళ్ల మనసును చూడమంటున్నాను.

రాళ్లబాట: ఆగినవాళ్లకు నమ్మకం ఉందని ఒప్పుకుంటాను. తెలిసి వాడుకున్నవాడిని కూడా భక్తుల లెక్కలో వేయడమే నేను ఒప్పుకోను. సిసిరో స్వయంగా శకునాధికారి. జోస్యం మీద నమ్మకం లేదని వాదిస్తూనే, రాజ్యం కోసం శకున విధులు నిలవాలన్నాడు.

తులసికోట: మరి బిబులస్ శకునాలు చూసిన మరుసటి సంవత్సరం, క్రీ.పూ. 58లో, ప్రజల ప్రతినిధి (ట్రిబ్యూన్) క్లోడియస్ అదే బిబులస్‌ను జనం ముందు నిలబెట్టి, శకునాలకు విరుద్ధంగా చేసిన సీజర్ చట్టాలు చెల్లవని ఎందుకు వాదించాడు? వట్టి నాటకమైతే ఏడాది తరువాత కూడా అది ఆయుధంగా పనికివచ్చేదా?

రాళ్లబాట: వాదించాడు సరే, సీజర్ చట్టాలు మాత్రం అలాగే అమలులో ఉన్నాయి.