కబుకి నటుడి ప్రింటు: అసలుదేనా? చెన్నైలో ఫ్రేమ్ ఎలా కట్టించాలి?

అడయార్‌వాసి:
జపాన్ కబుకి నాటకాల నటుడి బొమ్మ. ఎడో కాలపు (1868కి ముందు) చెక్క అచ్చు అని అమ్మకానికి పెట్టారు. 36 × 24 సెం.మీ. దుస్తుల మీద ఒకదాంట్లో ఒకటి మూడు చతురస్రాలు, అందుకని నటుడు దంజూరో అంటున్నారు. చిత్రకారుడి సంతకం తొయొకుని. పక్కన ఒకే గుండ్రటి ముద్రలో కుక్క సంవత్సరం, 4వ నెల, 'అరతమె' (తనిఖీ అయిందనే సెన్సారు గుర్తు). వెనక ఇంకో కాగితం అంటించి ఉంది. కొనొచ్చా? ఫ్లాటు సముద్రానికి దగ్గర.

చెర్రీపలక:
సంవత్సరం, నెల, అరతమె ఒకే ముద్రలో ఉండటం 1859–71 మధ్య పద్ధతి. పన్నెండేళ్ళకోసారి వచ్చే కుక్క సంవత్సరం అందులో 1862 ఒక్కటే. చిత్రకారుడు కునిసద 1844లో తొయొకుని పేరు పెట్టుకున్నాడు, 1865 జనవరిలో పోయాడు. ముద్రకీ సంతకానికీ పేచీ లేదు.

పేచీ దంజూరోతోనే. అది ఇచికవ నటవంశంలో ఒకరి తర్వాత ఒకరు పెట్టుకునే పేరు. 8వ దంజూరో 1854లో చనిపోయాడు, 9వ ఆయన ఆ పేరు తీసుకున్నది 1874లో. 1862లో ఆ పేరుతో వేదికెక్కినవాడే లేడండీ. మూడు చతురస్రాల 'మిమసు' ఇచికవ వంశపు గుర్తు. పోయినవాణ్ణి తల్చుకుని వేసిన బొమ్మైనా కావాలి, వేరే ఇచికవ అయినా కావాలి. బొమ్మ మీదున్న పేరు చదివించండి.

భూతద్దం:
నకలు చెక్కేవాడు ముద్రల్ని కూడా చెక్కుతాడు కదా! నగల పనివాళ్ళ 10ఎక్స్ లూప్ పెట్టి లేత రంగున్న చోట చూడండి. రంగురంగుల చుక్కలు గుంపుగా కనిపిస్తే ఆఫ్‌సెట్ (యంత్రంతో అచ్చేసిన నకలు), ఇక బేరం అక్కర్లేదు. చెక్క అచ్చులో రంగు నారలోకి ఇంకి ఉంటుంది. తర్వాత నుదుటి దగ్గర వెంట్రుకలు: తొలి ప్రతుల్లో ఒక్కో గీత విడిగా కనిపిస్తుంది, పలక అరిగాక లావెక్కి తెగిపోతుంది.

అసలు సాక్ష్యం వెనకవైపు ఉంటుంది. రంగు ఊరిన మచ్చలు, బారెన్‌తో (కాగితాన్ని పలక మీద అదిమే గుండ్రటి బిళ్ళ) రుద్దిన గీతలు. మీదాంట్లో అదే కప్పేశారు. తడిపి ఊడదీయొద్దు, ఎరుపూ ఊదా కారిపోవచ్చు. పైగా ఇలాంటి బొమ్మలకి మామూలైన ఓబన్ సైజు దాదాపు 38 × 25, అంటే అంచులు కోసి ఉండొచ్చు. ధర తగ్గించమనడానికి ఈ రెండూ చాలు.

అడయార్‌వాసి:
థాంక్సండీ. ఫ్రేమ్ సంగతి?

గోధుమగంజి:
ఫ్రేమ్ షాపువాళ్ళు ఫెవికాల్‌తో అట్టకి అంటించేస్తారు, ముందే వద్దనండి. బైండింగ్ మైదా జిగురూ వద్దు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, ఆ రాగి కాగితాన్ని తినేస్తుంది. గ్లూటెన్ (గోధుమలోని జిగట ప్రోటీన్) తీసేసిన ఉత్త గోధుమ పిండిపదార్థం గంజితో, పై అంచున మాత్రమే, రెండు జపాన్ కాగితపు ముక్కలతో వేలాడదీయాలి. కింద అంచు వదిలేయాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, నాలుగువైపులా బిగిస్తే ఉబ్బుతుంది.

యాసిడ్ ఫ్రీ మౌంట్ తప్పనిసరి, అద్దం కాగితానికి తగలకూడదు. బయటి గోడకి వద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది చెమ్మగానే ఉంటుంది. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా కార్క్ ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. రాత్రి ఏసీ, పగలు ఆపేసే పడగ్గదికన్నా తేమ నిలకడగా ఉండే హాలు లోపలి గోడే నయం. వెనక అంటించిన కాగితంలో గంజి ఉంటుంది గనక, సిల్వర్‌ఫిష్ పురుగుల కోసం ఆర్నెల్లకోసారి వెనక అట్ట విప్పి చూడండి.